ముసురు రోజుల్లో చెవి మెషీన్: మృగశిర నుంచి దీపావళి దాకా

మృగశిర కార్తెలో మొదలైన చెమ్మ దీపావళి దాకా ఇంట్లోంచి కదలదు. అప్పడాలు మెత్తబడతాయి, ఉప్పు గడ్డకడుతుంది, బీరువాలో తోలు బెల్టుకు బూజు పడుతుంది. ఇవన్నీ కంటికి కనబడతాయి కాబట్టి ఏదో ఒకటి చేస్తాం. చెవి మెషీన్‌లో చేరిన తేమ మాత్రం కనబడదు. ఓ రోజు మాట సన్నగా వినిపిస్తుంది, మర్నాడు గరగరలాడుతుంది, మూడోరోజుకి ఆగిపోతుంది. "పాతదైపోయింది, ఇక లాభం లేదు" అనేసి సొరుగులో పడేస్తారు.

అలా సొరుగుల్లో పడున్న మెషీన్లలో చాలావాటికి పెద్ద జబ్బేం ఉండదు. ట్యూబులో నీటిచుక్క, మౌల్డ్‌లో (చెవి కొలతకు పోసి, చెవిలో పెట్టుకునే ముక్క) గులిమి, అయిపోయిన సెల్లు, ఈ మూడింట్లో ఏదో ఒకటై ఉంటుంది. బస్సెక్కి సర్వీస్ సెంటర్‌కి పరిగెత్తే ముందు ఇంట్లోనే చూసుకోదగ్గవి ఇవి. ఈసారి కబుర్లు ముఖ్యంగా వీటి గురించే. తర్వాత సెప్టెంబరులో వచ్చే బధిరుల వారం, వినాయక మండపాల హోరు, తుపాను హెచ్చరికల సంగతి.

తేమ ఎటునుంచి వస్తుంది

వానలో తడిస్తేనే మెషీన్ పాడవుతుందని చాలామంది అనుకుంటారు. ఒక్క చినుకు పడకుండా కాపాడుకున్న మెషీన్ కూడా వానాకాలంలో ఆగిపోతుంది, ఎందుకంటే తేమలో చాలా భాగం చెవిలోంచే వస్తుంది. చెవి లోపలి గాలికి ఒంటి వేడి, ఆవిరి రెండూ ఉంటాయి. మౌల్డ్ పెట్టి మూసేస్తే ఆ ఆవిరి ఎక్కువగా ట్యూబులోకే ఎక్కుతుంది. ఏసీ బస్సెక్కినా, బండి మీద వానగాలి తగిలినా ట్యూబు చల్లబడుతుంది, లోపలి ఆవిరి చుక్క కడుతుంది. అన్నం గిన్నె మూత తీస్తే లోపలివైపు నీళ్లు కనబడతాయే, అదే పని. మామూలుగా వాడే 13వ నంబరు ట్యూబు లోపలి సందు 2 మిల్లీమీటర్లు కూడా ఉండదు. ఒక్క చుక్క అడ్డంపడితే చాలు, శబ్దం ఆగిపోతుంది.

రెండోది చెమట. చెవి వెనక పెట్టుకునే మెషీన్‌కు పైన మైకు రంధ్రాలుంటాయి, సూదిమొనంత. చెమట ఆరిపోతుంది గాని దానిలోని ఉప్పు ఆరదు, రంధ్రాల దగ్గర పేరుకుంటుంది. సెల్లు గదిలో లోహపు రేకులకు పచ్చటి చిలుము పట్టేదీ దీనివల్లే. హెల్మెట్ పెట్టుకుని రోజూ గంటసేపు బండి నడిపేవాళ్లకు, పొలం పనికి వెళ్లేవాళ్లకు ఈ బాధ వానకంటే ఎక్కువ.

ఒక ఆనవాలు గుర్తుపెట్టుకోండి. పొద్దున బాగా పనిచేసి మధ్యాహ్నానికి మందగించి, రాత్రి తీసి పెడితే మర్నాడు మళ్లీ పనిచేస్తుంటే ముందు తేమను అనుమానించాలి. రాత్రంతా ఆరింది కాబట్టి పొద్దున బాగైంది. అలాకాకుండా రోజంతా ఒకేలా సన్నగా వినిపిస్తుంటే గులిమినో, మైకు మూతనో చూడాలి. బాగా పనిచేస్తూ పనిచేస్తూ ఉన్నట్టుండి పూర్తిగా ఆగితే సెల్లు. ఈ మెషీన్లలో వాడే జింక్ ఎయిర్ సెల్లు టార్చిలైటు సెల్లులా మెల్లమెల్లగా నీరసించదు. చివరిదాకా దాదాపు ఒకే బలంతో పనిచేసి గభాల్న చేతులెత్తేస్తుంది.

రాత్రిపూట డబ్బా

గాలి చొరబడని మూత ఉన్న చిన్న డబ్బా, అడుగున 30 గ్రాముల సిలికా జెల్ పూసలు, వాటి మీద పలచటి నూలుగుడ్డ. సరంజామా ఇంతే. పూసల దుమ్ము మైకు రంధ్రాల్లోకి వెళ్లకుండా ఆ గుడ్డ. సిలికా జెల్ తన బరువులో ఇంచుమించు మూడోవంతు తేమ పట్టగలదు, కాబట్టి మూత సరిగ్గా బిగిస్తే 30 గ్రాములు ఒక జత మెషీన్లకు చాలా రోజులు వస్తుంది. మూత వదులైతే మాత్రం అది మీ గదిలో గాలినంతా ఆరబెట్టడానికి కూర్చుంటుంది, రెండ్రోజుల్లో అయిపోతుంది.

రంగు మారే పూసలే కొనండి. నారింజ రంగువి తేమ పట్టాక ఆకుపచ్చగా అవుతాయి, నీలంవి గులాబీ రంగుకు మారతాయి. నీలం రంగు కోబాల్ట్ క్లోరైడ్ వల్ల వస్తుంది, అది విషపదార్థం. పిల్లలున్న ఇంట్లో నారింజ రకమే మేలు, అదైనా వాళ్ల చేతికి అందనివ్వకూడదు. రంగు మారాక పారెయ్యక్కర్లేదు. వంటకు వాడని పాత మూకుట్లో వేసి, సన్నసెగ మీద కలుపుతూ వేడిచేస్తే మళ్లీ పాత రంగుకొస్తాయి. సెగ పెంచితే పూసలు చిట్లి పొడవుతాయి, రంగూ మాడిపోతుంది. పూర్తిగా చల్లారాకే మెషీన్ దగ్గర పెట్టాలి.

చెప్పుల పెట్టెల్లో, మందుసీసాల్లో వచ్చే తెల్ల పొట్లాలు పోగుచేసి వాడేవాళ్లున్నారు. అవి మన చేతికొచ్చేసరికే గాలిలో తేమ తాగేసి ఉంటాయి, రంగు మారవు కాబట్టి ఆ సంగతి తెలీదు. బియ్యం డబ్బాలో గుచ్చడం ఇంకో అలవాటు. బియ్యం లాగే తేమ కొద్దిగానే, దాని తవుడు మాత్రం రంధ్రాల్లోకి బాగా వెళ్తుంది.

డబ్బాలో పెట్టేముందు మెత్తటి పొడిగుడ్డతో తుడిచి, సెల్లు తీసి విడిగా పెట్టి, సెల్లు గది తలుపు తెరిచే ఉంచాలి. సెల్లును డబ్బాలో వెయ్యకూడదు. దాని లోపల ఉండాల్సిన తేమను కూడా సిలికా జెల్ లాగేస్తుంది, సెల్లు తొందరగా చస్తుంది. కరెంటుతో నడిచే డ్రయ్యర్లూ ఉన్నాయి, గోరువెచ్చటి గాలితో కొన్ని గంటల్లో ఆరబెడతాయి. బాగా చెమట పట్టేవాళ్లకు, సముద్రం పక్క ఊళ్లవాళ్లకు అవి ఉపయోగమే. మిగిలినవాళ్లకు డబ్బా చాలు.

ఇక్కడొక మాట, మెషీన్లు దానం చేసే సంస్థల కోసం. వేదిక మీద వందమందికి మెషీన్లు పంచి ఫొటోలు దిగే శిబిరాలు ఏటా జరుగుతాయి. ఆ సంచిలో మెషీన్ ఉంటుంది, ఓ సెల్లు పట్టీ ఉంటుంది. డబ్బా ఉండదు, గాలి కొట్టే రబ్బరు బుడగ ఉండదు, కొన్నిచోట్ల చెవి కొలత తీసి పోసిన మౌల్డ్ కూడా ఉండదు. మెషీన్ ఖరీదులో కొద్ది భాగం పెట్టి డబ్బా, బుడగ ఇస్తే ఆ మెషీన్ ఇంకో వానాకాలం చూస్తుంది. కొలత మౌల్డ్ లేకుండా ఇచ్చిన బలమైన మెషీన్ కుయ్యిమంటూ ఈల వేస్తుంది, ఆ ఈల పడలేక పక్కన పెట్టేస్తారు. వందమందికి ఇలా ఇవ్వడంకంటే అరవైమందికి సరిగ్గా ఇవ్వడం మేలు.

మెషీన్ పలకకపోతే ఏ వరసలో చూడాలి

ముందు సెల్లు. కొత్తది స్టిక్కరు పీకి, రంధ్రాలున్న వైపు పైకి పెట్టి, కనీసం ఒక నిమిషం, వీలైతే ఐదు నిమిషాలు గాలి తగలనిచ్చి బిగించండి. జింక్ ఎయిర్ సెల్లు గాలిలో ఆక్సిజన్‌తోనే పనిచేస్తుంది. పీకిన వెంటనే తలుపేసేస్తే దానికి పూర్తి బలం రాదు. ఒకసారి పీకాక స్టిక్కరు తిరిగి అంటించినా పెద్ద లాభం లేదు. కొలత తప్పిందేమో కూడా చూడండి: స్టిక్కరు పసుపైతే 10, గోధుమరంగైతే 312, నారింజైతే 13, నీలమైతే 675. ఈ రంగులు ఏ కంపెనీ సెల్లుకైనా ఒకటే, కాబట్టి చదువు రాని పెద్దవాళ్లకు నంబరు బదులు రంగు చెప్తే దుకాణంలో పొరపాటు జరగదు.

రెండోది మౌల్డ్, ట్యూబు. మౌల్డ్‌ను ట్యూబుతో సహా మెషీన్ కొక్కెం దగ్గర విడదియ్యండి. విడదీశాక మెషీన్‌ను పూర్తి వాల్యూమ్‌లో పెట్టి అరచేతిలో మూస్తే ఈల రావాలి. వస్తే మెషీన్ బతికే ఉంది, అడ్డం మౌల్డ్‌లోనో ట్యూబులోనో ఉంది. రాకపోతే అంతటితో చచ్చిందనుకోకండి, కొత్తరకం డిజిటల్ మెషీన్లలో ఈలను అణిచే ఏర్పాటుంటుంది. ట్యూబులో చుక్క కనబడితే రబ్బరు బుడగతో ఓ పదిసార్లు గాలి కొట్టండి. నోటితో ఊదకండి, మన ఊపిరిలో ఉన్నదీ ఆవిరే.

మౌల్డ్‌ను వారానికి రెండుమూడుసార్లు గోరువెచ్చటి నీళ్లలో, రెండు చుక్కల మామూలు సబ్బునీటితో కడగవచ్చు, మెషీన్ నుంచి విడదీశాకే. స్పిరిట్, శానిటైజర్ వద్దు, మౌల్డ్ బిరుసెక్కి పగుళ్లిస్తుంది. కడిగాక బుడగతో గాలి కొట్టి, రాత్రంతా ఆరనిచ్చి తగిలించాలి. తిరిగి తగిలించేటప్పుడు కుడిది ఎడమకు మారడం, ట్యూబు మెలిపడటం తరచుగా జరిగే పొరపాట్లు. మౌల్డ్ వంపు చెవివైపు చూసుకుని పెట్టండి. ట్యూబు పసుపురంగుకు తిరిగి గట్టిపడిందంటే మార్పించే వేళయింది. మామూలుగా మూడు నుంచి ఆరు నెలలకోసారి మార్చాలి. గట్టిపడ్డ ట్యూబు కొక్కెం దగ్గర వదులై ఈల వేస్తుంది, చాలామంది దాన్ని మెషీన్ జబ్బనుకుంటారు.

సన్నటి తీగ చివర స్పీకరు చెవిలోకి వెళ్లే రకాలకు మౌల్డ్ బదులు రబ్బరు గొడుగు, దాని లోపల తెల్లటి చిన్న గులిమి జల్లెడ ఉంటాయి. ఉన్నట్టుండి శబ్దం తగ్గితే ఆ జల్లెడ మార్చి చూడండి. పిన్నుతో పొడిచి శుభ్రం చేద్దామనుకుంటే గులిమి, జల్లెడ రెండూ స్పీకరు మీదికి వెళ్తాయి, అప్పుడు పోయేది స్పీకరే.

మూడోది మైకు. మెత్తటి పొడి బ్రష్షుతో మెషీన్‌ను తలకిందులుగా పట్టుకుని తుడవండి, దుమ్ము కిందికి రాలేలా.

చిన్నపిల్లలు మెషీన్ ఆగిందని చెప్పరు, ఊరుకుంటారు. అందుకని రోజూ పొద్దున ఆరు శబ్దాలు వినిపించి చూడాలి: ఆ, ఊ, ఈ, ష్, స్, మ్. డేనియల్ లింగ్ అనే వినికిడి నిపుణుడు ఏర్పరిచిన పరీక్ష ఇది, మాటలోని మంద్రం నుంచి తారం దాకా ఈ ఆరింట్లో వచ్చేస్తుంది. పిల్లవాడి వెనక నిలబడి, ముందు ఒక మీటరు దూరం నుంచి, తర్వాత మూడు మీటర్ల నుంచి, వరస మార్చి మార్చి అనండి. మధ్యమధ్యలో ఏమీ అనకుండా ఆగండి, లేకపోతే అలవాటుగా చెయ్యెత్తేస్తాడు. పెదాలు చూసి పట్టేస్తాడని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటారు చాలామంది. చెయ్యి అడ్డం పెడితే 'స్', 'ష్' ముందే పలచబడతాయి, పరీక్ష తప్పుతుంది. నిన్నటిదాకా విన్న 'స్' ఇవాళ వినకపోతే మౌల్డ్‌లో చెమ్మో గులిమో అడ్డం ఉందేమో మొదట చూడండి.

నిజంగానే తడిస్తే

వెంటనే ఆపి, సెల్లు తీసి, ఆ సెల్లు పారెయ్యండి. పొడిగుడ్డతో అద్ది, మౌల్డ్ విడదీసి, గట్టిగా కొట్టకుండా మెల్లగా విదిలించి, తలుపు తెరిచి డబ్బాలో 24 గంటలు ఉంచండి. మధ్యలో "పనిచేస్తుందా" అని పెట్టి చూడటమే అన్నిటికంటే చెడ్డపని. తడి ఉన్నప్పుడు కరెంటు పారితే లోపలి భాగాలకు చిలుము చాలా వేగంగా పడుతుంది. హెయిర్ డ్రయ్యర్, ఎండలో కారు డ్యాష్‌బోర్డు, పొయ్యి పక్కన గూడు, ఏవీ వద్దు. వేడికి పై డొల్ల వంకరపోతుంది, అతుకులు విడిపోతాయి. రీచార్జి రకమైతే సెల్లు తియ్యలేం, ఆపేసి డబ్బాలో పెట్టి, పూర్తిగా ఆరాకే చార్జరు మీద పెట్టాలి.

అట్టపెట్టె మీద ఐపీ 68 అని ఉంటే నీళ్లలో మునిగినా ఏం కాదని అమ్మేవాళ్లు చెప్తారు. ఆ 6 దుమ్ముకు, 8 నీటికి. ఆ పరీక్ష చేసేది కొత్త మెషీన్ మీద, మంచినీళ్లలో. రెండేళ్లు ఉప్పుచెమటలో నానిన మెషీన్‌కు అదే హామీ ఉండదు. వానచినుకులకు భయపడనక్కర్లేదు, ఈతకు మాత్రం వద్దు.

చెవి సంగతి కూడా

చెమ్మ రోజుల్లో చెవిలో బూజు పడుతుంది, నిజంగానే. దురద, చెవి దిబ్బడ, తడిసిన కాగితంలాంటి తెల్లటి లేదా నల్లటి పదార్థం, ఇవి దాని గుర్తులు. రోజంతా మౌల్డ్‌తో మూసి ఉంచిన చెవికి ఈ ముప్పు ఎక్కువ. చెవి కారుతున్నా, దురదగా ఉన్నా ఆ వైపు మౌల్డ్ తీసేసి, రెండో చెవికి మాత్రం పెట్టుకుని డాక్టరుకు చూపించండి. కారే చెవిలోకి మౌల్డ్ కుక్కితే చీముకు బయటికి దారి ఉండదు. తగ్గాక అదే మౌల్డ్‌ను సబ్బుతో బాగా కడిగి ఆరబెట్టకుండా పెడితే జబ్బు మళ్లీ మొదటికొస్తుంది.

వెల్లుల్లి వేసి కాచిన నూనె ఒక చుక్క చెవిలో వెయ్యడం మన ఇళ్లలో అమ్మమ్మల నాటి అలవాటు. కర్ణభేరికి రంధ్రం ఉంటే ఆ నూనె నేరుగా మధ్యచెవిలోకి దిగుతుంది, రంధ్రం ఉందో లేదో బయటికి తెలియదు. అందుకే డాక్టరు చెవి చూసేదాకా నూనె వద్దు. మౌల్డ్ తేలిగ్గా ఎక్కడానికి నూనె రాసేవాళ్లూ ఉన్నారు, అది ట్యూబులోకి పాకి గులిమితో కలిసి బంకలా పట్టేస్తుంది. అగ్గిపుల్లలు, పిన్నీసులు, చెవిపుల్లలు గులిమిని లోపలికే నెడతాయి.

కాక్లియర్ ఇంప్లాంట్ (ఆపరేషన్ చేసి చెవి లోపల అమర్చే వినికిడి పరికరం) పెట్టించుకున్నవాళ్లకు లోపలి భాగంతో వానకు పనిలేదు, బయటి ప్రాసెసర్‌కే ఇవన్నీ వర్తిస్తాయి. ఒక్క తేడా, సెల్లులో ఉంది. డిస్పోజబుల్ సెల్లుతో నడిచే ప్రాసెసర్లకు 675లోనే ఇంప్లాంట్ కోసమని ఎక్కువ బలంతో చేసిన రకం కావాలి. పట్టీ మీద ఆ మాట రాసుంటుంది. మామూలు 675 కొలత సరిపోతుంది, లోపల కూర్చుంటుంది, కొద్దిసేపట్లో ఆగిపోతుంది. ప్రాసెసర్ పాడైందని హడలిపోయే ముందు పట్టీ చదవండి. మైకు మూతలు కంపెనీ చెప్పిన గడువుకే మార్చండి, వానాకాలంలో ఆ గడువు దాటించొద్దు.

సెప్టెంబరు 23

సెప్టెంబరు చివరి పూర్తి వారం అంతర్జాతీయ బధిరుల వారం. 23వ తేదీ సంకేత భాషల దినం. 1951లో అదే తేదీన రోమ్‌లో ప్రపంచ బధిరుల సమాఖ్య ఏర్పడింది. ఐక్యరాజ్యసమితి 2017లో తీర్మానం చేసింది, 2018 నుంచి జరుపుతున్నారు. బడుల్లో, కాలేజీల్లో ఆ వారం కార్యక్రమం పెట్టేవాళ్లకు నాలుగు మాటలు.

గోడకు అంటించే అక్షరాల పోస్టరు ఒకసారి సరిచూసుకోండి. ఇంటర్నెట్‌లో ముందు దొరికేది అమెరికన్ సంకేత భాషది, అందులో అక్షరాలన్నీ ఒంటిచేత్తో ఉంటాయి. భారతీయ సంకేత భాషలో చాలా అక్షరాలకు రెండు చేతులూ కావాలి. మన పిల్లలకు అమెరికన్ అక్షరాలు నేర్పి, వాళ్లు బధిర పిల్లల ముందు అవి చూపిస్తే ఏం ఉపయోగం? ఢిల్లీలోని భారతీయ సంకేత భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం 2015లో ఏర్పడింది. దాని నిఘంటువు మూడో కూర్పులో, 2021లో, 10,000 పదాలున్నాయి. సైన్ లెర్న్ అనే యాప్‌లో ఉచితంగా చూడవచ్చు. కేంద్ర ప్రభుత్వ పాఠాల టీవీ పీఎం ఈ-విద్యలో 31వ చానల్ పూర్తిగా సంకేత భాషకే, 2024 డిసెంబరులో మొదలైంది.

తెలుగును చేతులతో చూపిస్తే సంకేత భాష అయిపోదు. దానికి తనదైన వ్యాకరణం ఉంది, ముఖంలో కదలికలు కూడా అందులో భాగం. అయితే మనకో వెసులుబాటు: ఆ భాషలోనూ క్రియ సాధారణంగా చివర్లో వస్తుంది, 'ఎవరు', 'ఎక్కడ', 'ఏమిటి' లాంటి ప్రశ్నపదాలు చివరికి చేరతాయి. "నీ పేరు ఏమిటి" అన్న వరసే అక్కడా. ఇంగ్లీషు వరసకు అలవాటుపడినవాళ్లకంటే తెలుగువాళ్లకు ఇది చేతికి తొందరగా అలవడుతుంది.

వేదిక మీద అనువాదకుల వెనక కిటికీగానీ, ఎల్ఈడీ తెరగానీ ఉండకూడదు. వెలుతురు ముఖం మీద, చేతుల మీద పడాలి. ఒంటిరంగుకు భిన్నమైన సాదా బట్టలు మేలు. గంట దాటే కార్యక్రమానికి ఇద్దరు కావాలి, 20 నిమిషాలకోసారి మారుతుండాలి. ఒక్కరితోనే మూడు గంటలు నడిపిస్తే రెండో గంటకు సంకేతాలు చెదిరిపోతాయి, కింద కూర్చున్న బధిరులకే అది తెలుస్తుంది, నిర్వాహకులకు తెలియదు. చప్పట్లకు బదులు రెండు చేతులూ పైకెత్తి ఆడించాలి. ఇక 'మూగ-చెవిటి' అన్న జంటపదం ఆహ్వానపత్రికలో కనబడుతూనే ఉంది. చాలామంది బధిరుల గొంతుకు ఏ లోపమూ ఉండదు, వినబడలేదు కాబట్టి మాట రాలేదు, అంతే. 'బధిరులు', 'వినికిడి తక్కువైనవారు' అనండి.

మండపాలు, టపాకాయలు

వినాయక చవితి నిమజ్జనం ఊరేగింపుల్లో డీజే పెట్టెల ముందు నడిచే పిల్లలకు ఇప్పుడు చెవి మెషీన్ అక్కర్లేకపోయినా తర్వాత అక్కర వచ్చే పరిస్థితి. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ లెక్కలో 85 డెసిబెల్స్ శబ్దాన్ని 8 గంటలు భరించవచ్చు, ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కు ఆ వేళ సగమవుతుంది. 100 దగ్గర 15 నిమిషాలే. ఫోన్లో శబ్దం కొలిచే యాప్ పెట్టి చూడండి, లెక్క కచ్చితం కాకపోయినా అందాజు తెలుస్తుంది. పెట్టెల పక్కన కాకుండా 20 అడుగులు వెనక నడిచినా చాలా తేడా.

మెషీన్ ఉన్నవాళ్లు ఏం చెయ్యాలి? గట్టి మౌల్డ్ అయితే మెషీన్ ఆపేసి మౌల్డ్ చెవిలోనే ఉంచుకోండి, కొంత బిరడాలా పనిచేస్తుంది. రబ్బరు గొడుగు రకానికి రంధ్రాలుంటాయి, అది అడ్డం కాదు, తీసేసి చెవి బిరడా పెట్టుకోవాలి. వినికిడి ఎలాగూ తక్కువ కదా, శబ్దం ఏం చేస్తుందిలే అనుకోకండి. మిగిలిన ఆ కొంచెమే మెషీన్‌కు ఆధారం.

టపాకాయలకు చట్టం పెట్టిన హద్దు, పేలినచోటి నుంచి 4 మీటర్ల దూరంలో 125 డెసిబెల్స్. అది హద్దే గాని క్షేమం కాదు. పేలిన తర్వాత చెవిలో గుయ్యిమన్న మోత మర్నాటికీ తగ్గకపోయినా, ఒక చెవి ఉన్నట్టుండి మూసుకుపోయినా పండగ సెలవులని ఆగకుండా చెవి, ముక్కు, గొంతు డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఉన్నట్టుండి తగ్గిన వినికిడికి ఇచ్చే స్టీరాయిడ్ వైద్యం మొదటి రోజుల్లోనే పనిచేస్తుంది, రెండు వారాలు దాటితే ఆశ చాలా తగ్గిపోతుంది.

సర్టిఫికెట్ పరీక్షకు వెళ్లేవాళ్లకు

2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం రెండు చెవుల్లోనూ 70 డెసిబెల్స్ లోపం ఉంటే బధిరులు, 60 నుంచి 70 అయితే వినికిడి తక్కువైనవారు. వికలాంగుల సర్టిఫికెట్‌కు, యూడీఐడీ అనే వికలాంగుల గుర్తింపు కార్డుకు స్వావలంబన్ పోర్టల్‌లో దరఖాస్తు చేసుకోవాలి. వానాకాలంలో ఒక్క జాగ్రత్త: జలుబు, చెవి కారడం, గులిమి ఉన్నప్పుడు పరీక్ష చేయించుకోకండి. అప్పుడొచ్చే అంకెలో జలుబు వాటా కలుస్తుంది, డాక్టర్లు తాత్కాలిక సర్టిఫికెట్ ఇచ్చి మళ్లీ రమ్మంటారు. ముందే గులిమి తీయించుకుని, పాత ఆడియోగ్రామ్‌లు (వినికిడి పరీక్ష కాగితాలు) అన్నీ పట్టుకెళ్లండి. బటన్ నొక్కి చెప్పలేని చిన్నపిల్లలకు బెరా పరీక్ష కావాలి, అది తలకు తీగలు అంటించి వినికిడి కొలిచేది. దానికి పిల్లలు నిద్రపోవాలి కాబట్టి ముందురోజు రాత్రి ఆలస్యంగా పడుకోబెట్టి తీసుకెళ్తే పని తేలికవుతుంది. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, వినికిడి పరీక్షలు అక్కడ చేస్తారు. ఆ సంస్థకు పేరిచ్చిన అలీ యావర్ జంగ్ హైదరాబాదువాడే, ఉస్మానియా వైస్ చాన్సలర్‌గా పనిచేశాడు.

తుపాను మైకులో చెప్తారు

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కోస్తాకు తుపాన్ల కాలం. ఊళ్లో ఆటో తిప్పి మైకులో హెచ్చరిస్తారు, అది చేరాల్సినవాళ్లలో కొందరికి చేరదు. 2024 సెప్టెంబరు 1న విజయవాడలో బుడమేరు నీళ్లు ఇళ్లలోకి వచ్చినట్టు అర్ధరాత్రి వస్తే, నీటి చప్పుడుకు లేచేవాళ్లు వేరు, మంచం తడిసేదాకా తెలియనివాళ్లు వేరు.

ఫోన్ సెట్టింగుల్లో అత్యవసర హెచ్చరికలు అనే చోటికి వెళ్లి, అన్నీ ఆన్‌లో ఉన్నాయో, వైబ్రేషన్ కూడా ఆన్ చేసి ఉందో చూడండి. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ సచేత్ యాప్ పెట్టుకుని మీ జిల్లా ఎంచుకోండి. పిడుగులకు దామిని యాప్. రాత్రి ఫోన్ తలగడ కవరు లోపల పెట్టుకుంటే వైబ్రేషన్ తలకు తగులుతుంది, చేతి గడియారంలో వైబ్రేషన్ ఉంటే ఇంకా నయం. పక్కింటివాళ్లలో ఒకరితో ముందే మాట్లాడి పెట్టుకోండి: తలుపు కొడితే వినబడదు, కిటికీలోంచి టార్చి ముఖం మీద వెయ్యాలి అని. ఆ కిటికీ ఏదో ముందే చూపించండి.

2014 అక్టోబరులో హుద్‌హుద్ తర్వాత విశాఖలో కొన్ని రోజులపాటు కరెంటు లేదు. రీచార్జి మెషీన్లవాళ్లు ఈ కాలానికి చార్జరు పెట్టెలో సొంత బ్యాటరీ ఉందో లేదో తెలుసుకోవాలి. ఉంటే తుపాను కబురు వచ్చిన రోజే నింపి పెట్టుకోవాలి, లేకపోతే పవర్ బ్యాంకు కావాలి. సెల్లు రకం వాడేవాళ్లు ఆరు సెల్లులుండే పట్టీలు రెండు, స్టిక్కరు తియ్యకుండా, చల్లటి పొడిచోట ఉంచుకుంటే చాలు. ఫ్రిజ్‌లో పెట్టకండి, బయటికి తియ్యగానే చెమ్మ కడుతుంది. చిల్లరతో కలిపి జేబులో వేసుకుంటే నాణేలు తగిలి షార్టవుతుంది.

ఇవన్నీ ఒక జిప్ కవరులో ఉంచండి: సెల్లు పట్టీలు, రబ్బరు బుడగ, సిలికా జెల్ డబ్బా, యూడీఐడీ కార్డు నకలు, ఆడియోగ్రామ్ ఫొటో, చిన్న నోటుపుస్తకం, పెన్సిలు. పెన్ను వద్దు, తడి కాగితం మీద రాయదు. లోపలి అట్ట మీద పెద్ద అక్షరాలతో "నాకు వినబడదు, రాసి చెప్పండి" అని రాసి, బయటికి కనబడేలా పెట్టండి.